గాజుగొట్టం నుంచి జీవసిరా దాకా: ప్రవాహసూత్రాలు, జీవకణాల మనుగడ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

జీవకణాలు కలిపిన జెల్‌ను సన్నని నాజిల్ గుండా ఒత్తి, పొరలు పొరలుగా పేర్చి కణజాలాన్ని నిర్మించే పద్ధతిని ఎక్స్‌ట్రూషన్ బయోప్రింటింగ్ అంటారు. ఈ పద్ధతిలో నాజిల్ లోపలి ప్రవాహాన్ని లెక్కించే సూత్రాలు 19వ శతాబ్దంలో రక్తప్రసరణను అర్థం చేసుకోవాలనుకున్న ఒక వైద్యుని ప్రయోగాల నుంచి వచ్చాయి. ఆ సూత్రం రూపుదిద్దుకోవడానికి రక్తాన్ని పక్కనపెట్టి నీటిని వాడవలసి వచ్చింది. ఆ తరువాతి పరిశోధన చాలావరకు జీవపదార్థాన్ని తిరిగి ఆ గొట్టంలోకి తీసుకురావడానికి చేసిన ప్రయత్నమే. ఆ ప్రయత్నంలోని ప్రధాన దశలను, ప్రతి దశలోనూ 'కణం బతికింది' అనే మాటకు అర్థం మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బయోప్రింటింగ్, జీవసిరా, స్నిగ్ధత, విరూపణ ప్రతిబలం, ప్వాజెయ్, రియాలజీ, జీవకణాల మనుగడ, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

జంతికల గొట్టం పట్టిన ప్రతి చేతికీ ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. పిండి పలుచనైతే బిళ్ల రంధ్రాల నుంచి సులువుగా దిగుతుంది. కాని నూనెలో పడేసరికి ఆకారం నిలవదు. పిండి గట్టిగా ఉంటే ఆకారం నిలుస్తుంది. కాని ఒత్తడానికి సత్తువ చాలదు. ఈ రెండింటి మధ్య సరైన పాకం ఎక్కడుందో వంటింటి అనుభవమే చెబుతుంది. ఎక్స్‌ట్రూషన్ బయోప్రింటింగ్ కూడా మొదట ఎదుర్కొనేది ఈ సమస్యనే. సిరంజిలో జెల్ నింపుతారు. గాలి పీడనంతోనో ముషలకంతోనో దాన్ని నాజిల్ గుండా నెడతారు. వెలువడిన తీగ కంప్యూటర్ చూపిన దారిలో పరుచుకుని, పొర మీద పొరగా ఆకారం పొందుతుంది.

అయితే ఇక్కడ పిండిలో ప్రాణం ఉంది. ప్రతి మిల్లీలీటరు జెల్‌లో లక్షల సంఖ్యలో జీవకణాలు ఉంటాయి. ఒక్కొక్క కణం వ్యాసం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కొవ్వుపొర కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే. నాజిల్ సన్నబడితే ముద్రణలో సూక్ష్మత పెరుగుతుంది. కణాలపై ఒరిపిడీ పెరగవచ్చు. ఆకారం కోసం కణాలను ఎంతవరకు పణంగా పెట్టవచ్చు? ఈ ప్రశ్నకు అంకెల్లో సమాధానం వెతికే క్రమంలో రెండు శతాబ్దాల ప్రవాహశాస్త్రం ఒక నాజిల్ వద్దకు చేరింది.

2. రక్తం కోసం మొదలై నీటి వద్ద ఆగిన సూత్రం

జాన్ లియోనార్డ్ మారీ ప్వాజెయ్ ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు, భౌతికశాస్త్రవేత్త. స్నిగ్ధతను కొలిచే 'పాయిజ్' అనే ప్రమాణానికి ఆయన పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది. 1828 నాటి తన సిద్ధాంతగ్రంథంలో ధమనుల్లోని రక్తపీడనాన్ని పాదరసపు గొట్టంతో కొలిచే పరికరాన్ని ఆయన వివరించారు. ఆ తరువాత కప్ప శరీరంలోని సూక్ష్మనాళాల్లో రక్తం పారే తీరును సూక్ష్మదర్శినిలో గమనించారు. నాళపు గోడను ఆనుకుని రక్తకణాలు లేని ఒక పలుచని పొర ఉండడం ఆయన దృష్టికి వచ్చింది. ప్రవాహంలో కణం ఎక్కడ ఉంటుందన్నది దాని గతిని నిర్ణయిస్తుందనే ఎరుకకు ఇది తొలి ఆనవాళ్లలో ఒకటి.

సూక్ష్మనాళాల్లో రక్తం ఏ నియమం ప్రకారం పారుతుందో తేల్చడానికి ఆయన సన్నని గాజుగొట్టాలను ఎంచుకున్నారు. వాటి లోపలి వ్యాసం 0.015 మిల్లీమీటరు నుంచి 0.6 మిల్లీమీటరు వరకు ఉండేది. రక్తం గడ్డకడుతుంది; దాన్ని ఆపే మందు ఆనాటికి లేదు. అందువల్ల ఆయన స్వేదనజలాన్ని వాడారు. గొట్టం పొడవును, వ్యాసాన్ని, పీడనాన్ని, ఉష్ణోగ్రతను ఒక్కొక్కటిగా మార్చి చూశారు. నిర్ణీత కాలంలో గొట్టం నుంచి వెలువడే నీటి పరిమాణం పీడనానికి, వ్యాసపు నాలుగో ఘాతానికి అనులోమంగాను, పొడవుకు విలోమంగాను ఉంటుందని తేలింది. ఈ ఫలితాలు 1840-41లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందుకు వచ్చాయి. 1846లో పూర్తిగా ప్రచురితమయ్యాయి. జర్మనీకి చెందిన జలనిర్మాణ ఇంజినీరు గాథిల్ఫ్ హాగెన్ 1839లోనే ఇలాంటి ఫలితాన్ని ప్రకటించారు. అందుకే నేడు ఈ సూత్రాన్ని ఇద్దరి పేరిట పిలుస్తున్నారు.

'నాలుగో ఘాతం' అనే చిన్న మాటలో పెద్ద పర్యవసానం ఉంది. గొట్టం వ్యాసం సగమైతే, అదే పరిమాణంలో ద్రవం పారడానికి పదహారు రెట్ల పీడనం కావాలి. నేటి బయోప్రింటింగ్ నాజిళ్ల వ్యాసం సాధారణంగా 0.1 నుంచి 0.5 మిల్లీమీటరు మధ్య ఉంటుంది. అంటే అవి ప్వాజెయ్ గాజుగొట్టాల పరిధిలోనే ఉన్నాయి. గొట్టం కొలత మారలేదు. అందులో పారే పదార్థం మారింది.

3. నీటిలా పారని పదార్థాలు

ద్రవపు పొరలు ఒకదానిపై ఒకటి జారేటప్పుడు కలిగే నిరోధం, ఆ పొరల వేగంలోని తేడాకు అనులోమంగా ఉంటుందని న్యూటన్ 1687 నాటి 'ప్రిన్సిపియా'లో ప్రతిపాదించారు. నీరు ఈ నియమాన్ని పాటిస్తుంది. రంగులు, బంకమట్టి, పిండిముద్ద, జెల్లులు పాటించవు. అమెరికా రసాయనశాస్త్రవేత్త యూజీన్ బింగమ్, హెన్రీ గ్రీన్‌తో కలిసి 1919లో గోడలకు వేసే రంగును పరిశీలించారు. రంగు కేవలం చిక్కని ద్రవం కాదనీ, ఒక కనీసబలం తగిలేదాకా కదలని పదార్థమనీ వారు వాదించారు. కుంచెతో పూసేటప్పుడు జారే రంగు, గోడకు అంటిన తరువాత కారకుండా నిలవడానికి కారణం ఇదే. జీవసిరా నుంచి ఆశించే గుణమూ ఇదే.

1920లలో ఈ పరిశీలనలు ఒక ప్రత్యేక శాస్త్రంగా కూడుకున్నాయి. ఒరిపిడి పెరిగేకొద్దీ పలుచబడే ద్రవాలకు ఆస్వాల్డ్, డి వేల్‌ల ఘాతసూత్రం వచ్చింది. 1926లో హెర్షెల్, బల్క్‌లీ ఆ ఘాతసూత్రాన్నీ బింగమ్ చెప్పిన కనీసబలాన్నీ ఒకే సమీకరణంలో చేర్చారు. 1929లో అమెరికాలో రియాలజీ సంఘం ఏర్పడింది. నేడు జీవసిరాల ప్రవాహాన్ని లెక్కించే పరిశోధకులు ఎక్కువగా వాడుతున్నవి ఈ సమీకరణాలే. ఆల్జినేట్, జెలటిన్, కొల్లాజెన్ వంటి జెల్లులను ఆ తరం శాస్త్రవేత్తలు కణాల కోసం పరిశీలించలేదు. పరిశ్రమలకు అవసరమైన రంగులు, రబ్బరు ద్రావణాలే వారి ముందున్నవి. అయినా ఆ పనికి దొరికిన గణితం జీవశాస్త్రానికి అక్కరకు వచ్చింది.

4. రక్తకణం నేర్పిన పాఠం

ప్వాజెయ్ పక్కనపెట్టిన రక్తం 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ప్రవాహశాస్త్రం ముందుకు మళ్లీ వచ్చింది. కృత్రిమ గుండెకవాటాలు, రక్తాన్ని నడిపే పంపులు వాడుకలోకి వచ్చాక, వాటిలో ఎర్రరక్తకణాలు చిట్లి హిమోగ్లోబిన్ బయటపడడం వైద్యులకు పెద్ద సమస్య అయింది. ద్రవపు పొరల ఒరిపిడి వల్ల కణంపై పడే బలాన్ని భౌతికశాస్త్ర పరిభాషలో విరూపణ ప్రతిబలం అంటారు. ప్రయోగశాలల వాడుకలో అది షియర్ స్ట్రెస్. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1972లో ప్రచురించిన అధ్యయనంలో, నిమిషాల పాటు ఒరిపిడికి గురైన ఎర్రకణాలు సుమారు 150 పాస్కల్‌ల ప్రతిబలం దాటితే ఎక్కువగా చిట్లిపోతాయని తేలింది.

1990లో గియర్సిపెన్ బృందం ఈ ఆలోచనను మరో అడుగు ముందుకు తీసుకువెళ్లింది. కణనష్టం ప్రతిబలం మీదనే కాక అది పనిచేసిన కాలం మీద కూడా ఆధారపడుతుందని చెబుతూ, రెండింటినీ ఘాతరూపంలో ఒకే సూత్రంలో ఉంచింది. అందులో ప్రతిబలానికి ఘాతం సుమారు 2.4, కాలానికి సుమారు 0.8. దీని ప్రకారం కాలం రెట్టింపైతే నష్టం రెండు రెట్ల లోపే పెరుగుతుంది. ప్రతిబలం రెట్టింపైతే ఐదు రెట్లకు పైగా పెరుగుతుంది. కణం ఎంత బలాన్ని, ఎంతసేపు భరించిందన్న జంటప్రశ్న ఇలా శాస్త్రంలో స్థిరపడింది. బయోప్రింటింగ్ నమూనాలకు కావలసిన రెండో పునాది ఇదే.

5. ముద్రణయంత్రంలోకి జీవకణం

1988లో టెక్సాస్‌కు చెందిన రాబర్ట్ క్లీబీ కార్యాలయాల్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటరుతో ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్‌ను కోరిన చోట పరిచి, దానిపై కణాలు అమరేలా చేశారు. 2003లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బోలండ్ బృందం ప్రింటరు ద్వారా కణాలనే ముద్రించిన ప్రయోగాలను ప్రచురించింది. 'అవయవముద్రణ' అనే మాట శాస్త్రపత్రికల్లో ప్రచారం పొందినదీ ఆ సంవత్సరమే.

ఇంక్‌జెట్ పలుచని ద్రవాన్నే చిమ్మగలదు. మందమైన నిర్మాణానికి చిక్కని జెల్ కావాలి. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో లాండర్స్, మ్యూల్‌హాప్ట్ 2000 ప్రాంతంలో రూపొందించిన బయోప్లాటర్, సిరంజి నుంచి తీగగా వెలువడే పదార్థంతో ఆకారాలు కట్టే మార్గాన్ని చూపింది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో వేయ్ సన్ బృందం సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్‌తో ఇదే దారిలో సాగింది. కణాన్ని కోరిన చోట పెట్టడం సాధ్యమని తేలాక, అక్కడికి చేరేసరికి దాని పరిస్థితి ఏమిటన్న ప్రశ్న ముందుకొచ్చింది.

6. నాజిల్ లోపలి లెక్క

2008లో డ్రెక్సెల్ పరిశోధకులు చాంగ్, నామ్, సన్ కాలేయకణాలను ఆల్జినేట్‌లో కలిపి, పీడనాన్ని, నాజిల్ వ్యాసాన్ని మార్చి చూశారు. పీడనం పెరిగినా, నాజిల్ సన్నబడినా బతికే కణాలు తగ్గాయి. ముద్రణ తరువాత కణాలకు కోలుకునే వ్యవధి అవసరం కావచ్చని కూడా వారు సూచించారు. 2009లో నాయర్ తదితరులు ఎలుక నుంచి సేకరించిన రక్తనాళపు లోపొర కణాలతో చేసిన అధ్యయనంలో, 5 పీఎస్‌ఐ పీడనంతో పోలిస్తే 40 పీఎస్‌ఐ వద్ద సజీవకణాలు దాదాపు 39 శాతం తగ్గాయి. నాజిల్ వ్యాసం కంటే పీడనం ప్రభావమే ఎక్కువని ఆ అధ్యయనం తేల్చింది.

ఈ ఫలితం మొదటి చూపులో వింతగా తోస్తుంది. సన్నని దారిలోనే ఒరిపిడి ఎక్కువని సామాన్య అనుభవం. కాని బలాల సమతౌల్యం వేరొక సంగతి చెబుతుంది. గొట్టంలో స్థిరంగా పారే ద్రవం గోడ మీద కలిగించే ప్రతిబలం, పీడనవ్యత్యాసాన్ని వ్యాసార్ధంతో గుణించి గొట్టం పొడవుకు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. ఈ లెక్కలో స్నిగ్ధత కనబడదు. ఉదాహరణకు 0.4 మిల్లీమీటరు వ్యాసం, 12 మిల్లీమీటర్ల పొడవు గల నాజిల్‌కు 50 కిలోపాస్కల్‌ల పీడనం ఇస్తే గోడ వద్ద ప్రతిబలం సుమారు 417 పాస్కల్‌లు. జెల్ పలుచనైనా చిక్కనైనా ఈ అంకె మారదు. స్నిగ్ధత వల్ల మారేది ప్రవాహవేగం. దాంతోపాటు కణం నాజిల్‌లో గడిపే కాలం మారుతుంది.

దీన్నిబట్టి 'సన్నని నాజిల్ హానికరమా?' అన్న ప్రశ్నకు యంత్రం నడిచే తీరును బట్టి రెండు సమాధానాలు వస్తాయి. ముషలకంతో నిర్ణీత పరిమాణంలో జెల్‌ను నెట్టే యంత్రంలో వ్యాసం సగమైతే, న్యూటన్ నియమాన్ని పాటించే ద్రవానికి గోడ ప్రతిబలం ఎనిమిది రెట్లవుతుంది. పీడనాన్ని స్థిరంగా ఉంచే యంత్రంలో వ్యాసం సగమైతే ప్రతిబలం సగానికి తగ్గుతుంది. కాని వేగం నాలుగో వంతుకు పడిపోయి, కణం నాజిల్‌లో ఉండే కాలం నాలుగింతలవుతుంది. నష్టం బలానిదా, కాలానిదా అనే ప్రశ్నను విడదీయకపోతే ప్రయోగాలు ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కెనడాలోని సస్కాచువాన్ విశ్వవిద్యాలయంలో లీ, చెన్ బృందం 2010 ప్రాంతంలో చేసిన కృషి ఇక్కడ ముఖ్యమైనది. వారు సమస్యను రెండు ముక్కలుగా విడదీశారు. తెలిసిన ప్రతిబలాన్ని తెలిసినంత కాలం కణాలపై ప్రయోగించి, ఏ మేరకు నష్టం జరుగుతుందో చూపే నియమాన్ని మొదట విడిగా రాబట్టారు. ఆపై నాజిల్‌లోని వేగవిన్యాసానికి ఆ నియమాన్ని అన్వయించి, ముద్రణలో ఎన్ని కణాలు దెబ్బతింటాయో ముందుగా అంచనా వేశారు. రక్తకణాల చరిత్రలో రూపొందిన బలం-కాలం జంట, హాగెన్-ప్వాజెయ్‌ల ప్రవాహచిత్రం ఈ నమూనాలో కలిశాయి.

గొట్టంలో కణాలన్నీ ఒకే కష్టం పడవు. నడిమధ్యన ప్రతిబలం సున్న. గోడ వైపు జరిగేకొద్దీ సమానంగా పెరుగుతుంది. నీటివంటి ద్రవంలో దాదాపు 44 శాతం ప్రవాహం వ్యాసార్ధంలో లోపలి సగం గుండానే సాగుతుంది. ఆ భాగంలోని కణాలపై పడేది గోడ ప్రతిబలంలో సగం లోపే. గోడ పక్కన పాకే కణాలకు మాత్రం బలమూ ఎక్కువే, కాలమూ ఎక్కువే. అందుచేత సగటు ప్రతిబలం ఒక్కటే చెప్పి ఊరుకునే నమూనా అసలు నష్టం జరిగే చోటును దాచేస్తుంది.

7. సూది ముఖద్వారం వద్ద

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ గొట్టం లోపలికి చేరిన కణానికి సంబంధించినవి. సిరంజి వెడల్పు 10 మిల్లీమీటర్లు, సూది వ్యాసం 0.4 మిల్లీమీటరు అయితే వైశాల్యం 625 రెట్లు కుంచించుకుపోతుంది. సగటు వేగం అన్ని రెట్లు పెరగాలి. ఆ మలుపులో కణం ముందుభాగం వెనుకభాగం కంటే వేగంగా కదిలి, కణం సాగదీతకు గురవుతుంది. ప్వాజెయ్ సూత్రం ఈ ముఖద్వారాన్ని లెక్కలోకి తీసుకోదు. అది ప్రవాహం కుదుటపడిన తరువాతి కథ.

2012లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సారా హైల్‌షోర్న్ ప్రయోగశాల సూది గుండా పంపిన కణాలను పరిశీలించి, మరణానికి ప్రధానకారణం ఈ సాగదీసే ప్రవాహమేనని చూపింది. పలుచని ద్రవంలో ఉన్న కణాల కంటే, మితమైన గట్టిదనం గల ఆల్జినేట్ జెల్‌లో ఉన్న కణాలు ఎక్కువగా బతికాయి. గోడ పక్కన జెల్ పలుచబడి జారుతుండగా, నడిమిభాగం ముద్దలా కదులుతూ కణాలకు కవచమవుతుంది. బింగమ్ రంగులో గుర్తించిన గుణం ఇక్కడ ప్రాణరక్షణకు పనికివచ్చింది. క్రమంగా సన్నబడే శంఖాకార సూదుల వాడకం, వాటికి విడిగా నష్టనమూనాలు కట్టడం కూడా ఈ దశలోనే విస్తరించాయి.

8. 'బతికింది' అనే మాట

ఈ నమూనాలన్నీ చివరకు ఒక శాతాన్ని ఇస్తాయి. ఆ శాతాన్ని సరిచూడడానికి ఎక్కువగా వాడే పద్ధతి రెండు రంగులది. పొర చెక్కుచెదరని కణంలో ఒక రంజకం ఆకుపచ్చగా వెలుగుతుంది. పొర చిరిగిన కణంలోకి మరో రంజకం చొరబడి ఎర్రగా వెలుగుతుంది. ఈ పరీక్ష పొర స్థితిని చెబుతుంది. కణం విభజన చెందుతుందా, తన పని చేస్తుందా, మూలకణమైతే తన స్వభావాన్ని నిలుపుకుంటుందా అన్నవి దాని పరిధిలోకి రావు. నాయర్ అధ్యయనం సజీవ, మృత కణాలతో పాటు గాయపడిన కణాలను వేరే వర్గంగా లెక్కించడం ఈ దృష్టితో విలువైనది. ముద్రణ ముగిసిన గంటలోపు పచ్చగా వెలిగిన కణం రెండు రోజుల తరువాత తనంతట తాను మరణించవచ్చు. కోలుకునే వ్యవధి గురించిన 2008 నాటి సూచనకు మరో ముఖం ఇది.

2018లో గ్రోల్ తదితరులు 'జీవసిరా' పదాన్ని నిర్వచిస్తూ, అందులో కణాలు తప్పనిసరిగా ఉండాలని ప్రతిపాదించారు. కణాలు లేని జెల్‌కు వేరే పేరు సూచించారు. ఇది పేర్ల తగాదాగా కనిపించవచ్చు. కాని పదార్థం ఎంత చక్కగా పరుచుకుందన్న ప్రశ్న నుంచి, అది మోస్తున్న ప్రాణం ఏమైందన్న ప్రశ్నను విడదీయరాదనే ఒప్పందం ఆ నిర్వచనంలో ఉంది.

ఈ ఒప్పందం విలువ తెలుగునేలకూ దూరం కాదు. 2022 ఆగస్టులో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ పరిశోధకులు కలిసి త్రీడీ ముద్రణలో రూపొందించిన కృత్రిమ కార్నియాను కుందేలు కంట్లో అమర్చినట్లు ప్రకటించారు. మానవ కార్నియా కణజాలం నుంచి కణాలను తొలగించగా మిగిలిన పదార్థాన్ని, మానవనేత్రం నుంచి తీసిన మూలకణాలను వారు ఉపయోగించారు. దానంగా వచ్చే కళ్లు అవసరానికి చాలని దేశంలో ఇటువంటి ప్రయత్నం ఎందరికో చూపునిచ్చే ఆశను కలిగిస్తుంది. కార్నియా పారదర్శకంగా నిలవాలంటే అందులోని కణాలు ప్రాణంతో ఉండడమే చాలదు. తమ పని చేయాలి.

9. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

• బయోప్రింటింగ్ ప్రవాహనమూనాలకు రెండు వంశాలు ఉన్నాయి. ఒకటి హాగెన్, ప్వాజెయ్‌ల నుంచి బింగమ్ మీదుగా వచ్చిన ప్రవాహశాస్త్రం. రెండోది కృత్రిమ కవాటాల కాలంలో రూపొందిన రక్తకణనష్ట శాస్త్రం.

• పీడనం స్థిరంగా ఉన్నప్పుడు గోడ ప్రతిబలాన్ని పీడనమూ నాజిల్ కొలతలూ నిర్ణయిస్తాయి; స్నిగ్ధత ప్రభావం కాలంపై పడుతుంది. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే వేర్వేరు ప్రయోగాల ఫలితాలను పోల్చడం సాధ్యం.

• నష్టం నాజిల్ పొడవునా జరిగేది మాత్రమే కాదు. ముఖద్వారం వద్ద కలిగే సాగదీతను విడిచిపెట్టిన నమూనా అసంపూర్ణం.

• మనుగడ శాతం పొర స్థితికి సూచిక. కణం స్వభావాన్ని, పనితీరును రోజుల తరబడి గమనించినప్పుడే ఆ శాతానికి అర్థం నిండుతుంది.

ప్వాజెయ్‌కు రక్తాన్ని పక్కనపెట్టడం తప్పనిసరి అయింది. ఆ త్యాగం వల్లనే సూత్రం తేటపడింది. ఆ సూత్రాన్ని వాడుతున్న నేటి పరిశోధకులకు అదే వెసులుబాటు లేదు. వారి గొట్టంలో పారేది కణాలతో నిండిన జెల్. అది నాజిల్ చివర నుంచి వెలువడ్డాక ఏమవుతుందన్నది కూడా ఇక మీదట ఆ లెక్కలో భాగం కావలసి ఉంది.